రాతి మండపం దూలం ఎందుకు పగిలింది: ఒక మరమ్మతు కేస్ స్టడీ

నేపథ్యం

రాయలసీమలో ఒక ఊరి గుడికి ముందున్న ముఖమండపం ఇది. విజయనగర కాలపు పద్ధతిలో కట్టారు. వరుసకు నాలుగు చొప్పున పదహారు గ్రానైట్ స్తంభాలు, మూడు వైపులా తెరిచి ఉంటుంది. రక్షిత కట్టడాల జాబితాలో లేదు. నిత్యం పూజలు జరిగే గుడి కాబట్టి పని జరిగినన్నాళ్లూ దారి మూసేయడం కుదరలేదు. ఊరి పేరు, గుడి పేరు, ఇందులో ఉన్నవాళ్ల వివరాలు ఇవ్వడం లేదు. కొలతలను దగ్గరి అంకెకు సవరించాం.

నిర్మాణం సూటిగానే ఉంది. స్తంభాల మధ్య దూరం, నడిమి నుంచి నడిమికి, 2.7 మీటర్లు. స్తంభం మీద బోదిగ (పక్కలకు చేతులు చాచి దూలాన్ని మోసే తలరాయి), బోదిగల మీద దూలం. దూలం వెడల్పు 400 మి.మీ., లోతు 450 మి.మీ. దూలాలకు అడ్డంగా 200 మి.మీ. మందం ఉన్న పైకప్పు బండలు పరిచారు. వాటి మీద సున్నం, ఇటుక కంకరతో దిమ్మిస కొట్టిన గచ్చు. పిట్టగోడ అడుగున నాలుగు గోముఖాలు, వాననీళ్లు బయటికి పోవడానికి. దూలానికీ బోదిగకీ మధ్య పల్చటి సున్నపు పొర తప్ప మరే అతుకూ లేదు. బరువే రాళ్లను పట్టి ఉంచుతుంది. ఇలాంటి కట్టడంలో బరువు ఎంత ఉందో, ఏ దారిన నేలకు దిగుతోందో తెలియకుండా ఒక్క రాయిని కూడా ముట్టుకోకూడదు.

ఎదురైన సమస్య

ఆలయ కమిటీ మమ్మల్ని పిలిచింది ఒక పగులు గురించి. లోపలి వరుసల్లో ఉన్న ఆరు దూలాల్లో రెండు సరిగ్గా నడిమిన పగిలాయి. మొదటిదాన్ని ‘క’ అందాం. అడుగున 2 మి.మీ. వెడల్పున్న పగులు పైకి పోతూ సన్నబడి, లోతులో మూడింట రెండు వంతుల దగ్గర ఆగింది. రెండోది ‘చ’. ఇది పూర్తిగా రెండు ముక్కలైంది. అడుగున సందు 6 మి.మీ. వెడల్పుంది. ముక్కలు కింద పడకపోవడానికి కారణం వాటి పైభాగాలు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉండటం, చివర్లు బోదిగల మీద బిగిసి ఉండటం. దీంతోపాటు పైకప్పు కారుతోంది, స్తంభాల మొదళ్లలో ఉప్పు పేరుకుంటోంది, పాత ఎనామిల్ పెయింటు పెచ్చులుగా లేస్తోంది. కమిటీ దృష్టిలో ఇవి నాలుగు వేర్వేరు జబ్బులు.

అంతకు ముందు చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

ఏళ్ల తరబడి కారుతున్నందుకు పైన పొర మీద పొర వేస్తూ వచ్చారు. కోర్ (గుండ్రంగా కోసి తీసే లోతు నమూనా) తీసి చూస్తే పాత గచ్చు 150 మి.మీ. అలాగే ఉంది. దానిపైన 100 మి.మీ. సిమెంటు కాంక్రీటు, దానిపైన వాలు కోసం సగటున 150 మి.మీ. సిమెంటు మందం, ఆపైన మరో 80 మి.మీ. కాంక్రీటు, అన్నిటికీ పైన తారు షీటు. మూడు సిమెంటు పొరలూ కలిపి 330 మి.మీ. ఒక్కో పొరతో పైకప్పు మట్టం పెరిగి గోముఖాలు లోపలివైపు కాంక్రీటులో పూడిపోయాయి. వాటికి బదులు పిట్టగోడకు రెండు పీవీసీ పైపులు పెట్టారు. వాటి నోళ్లు మట్టానికి 30 మి.మీ. ఎత్తున ఉన్నాయి. అంటే ప్రతి వానకూ అంత నీళ్లు పైన నిలవడం ఖాయం.

తారు షీటు మొదటి వేసవికే ఉబ్బింది. కింద గచ్చులో అప్పటికే చెమ్మ ఉంది, ఎండకు అది ఆవిరై బయటికి పోయే దారి లేదు. సిమెంటు పొరలు పగలడానికి కారణం వేరు. గ్రానైట్ ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 8 మైక్రాన్లు సాగుతుంది. 8.7 మీటర్ల కప్పు, ఎండకూ రాత్రికీ 35 డిగ్రీల తేడా అనుకుంటే రోజూ రెండు మి.మీ.కు పైగా కదలిక. బిరుసైన సిమెంటు ఆ కదలికను ఓర్చుకోదు, బండల కీళ్ల దగ్గరే చీలుతుంది.

‘చ’ దూలం కింద ఎవరో ఇటుక స్తంభం కట్టారు. దానిమీదే దూలం ఆగిందని అందరి నమ్మకం. కానీ దాని తలకూ దూలానికీ మధ్య మడిచిన కాగితం సులువుగా దూరింది. పునాది లేకుండా నేల బండ మీదే కట్టడం వల్ల అది కుంగింది, ఒక్క కిలో కూడా మోయడం లేదు. బిగించి కట్టి ఉంటే మరింత ముప్పు వచ్చేది. రెండు చివర్ల మీద ఆనిన దూలంలో సాగుడు, అంటే రాతిని లాగి తెరిచే బలం, అడుగున ఉంటుంది. నడుమ గట్టి ఊత పెడితే ఆ చోట సాగుడు పైభాగానికి మారుతుంది, రాయి పైనుంచి పగలడం మొదలవుతుంది.

‘క’ పగులులోకి ఎపాక్సీ (కలిపాక గట్టిపడే రసాయన జిగురు) ఎక్కించారు. అది అతుక్కోలేదు, బ్లేడుతో గీకితే రిబ్బనులా ఊడి వచ్చింది. పగులు లోపల తడి, తుప్పు మరక, దుమ్ము. వాటిమీద మామూలు ఎపాక్సీ పట్టదు. పైకప్పు కారుతుండగా పగులు అతకాలనుకోవడమే తప్పు వరుస.

ఇక రెండు స్తంభాలకు పెయింటు తీయడానికి శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టడం) చేశారు. పెయింటు పోయింది. దానితోపాటు చెక్కడం అంచులూ పోయాయి. రాతి మీద వందల ఏళ్లలో ఏర్పడిన గట్టి పైపొర పోయి చక్కెర పలుకుల్లాంటి గరుకు బయటపడింది, ఇప్పుడు పాచి అక్కడే ముందు పడుతోంది. ఇది తిరిగి తెచ్చుకోగలిగింది కాదు.

లెక్క, దాని తర్వాత వచ్చిన అనుమానం

మొదట బరువు లెక్క చూశాం. బండలు చదరపు మీటరుకు 530 కిలోలు, తడిసిన గచ్చు 260. మొత్తం 790. కొత్తగా చేరిన సిమెంటు 330 మి.మీ.కి మరో 790. అంటే మండపం తాను కట్టిననాటి కప్పుకు సమానమైన ఇంకో కప్పును మోస్తోంది. పొడవు, వెడల్పు 8.7 మీటర్లున్న కప్పు మీద ఆ అదనం దాదాపు 60 టన్నులు. లోపలి ఒక్కో దూలం మీద బరువు, దాని సొంత బరువుతో కలిపి, 7 టన్నుల నుంచి 13 టన్నులకు చేరింది.

ఇంత తేలగానే ‘ఇంకేం, బరువుకే పగిలింది’ అని రాసేయాలనిపిస్తుంది. అక్కడ ఆగకూడదు. బోదిగల చేతులు ముందుకు పొడుచుకు వచ్చినందున దూలం పనిచేసే పొడవు సుమారు 2.1 మీటర్లు. ఆ పొడవుకు అడుగున సాగుడు ఒత్తిడి మొదట్లో చదరపు మి.మీ.కి సుమారు 1 న్యూటన్, అదనపు బరువుతో సుమారు 2. గ్రానైట్ వంపులో విరిగే బలానికి (మాడ్యులస్ ఆఫ్ రప్చర్) అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ615 అడిగే కనీస అంకె 10కి పైనే. అది ప్రయోగశాలలో చిన్న ముక్కకు చెప్పే అంకె. పాత దూలానికి అందులో నాలుగో వంతే నమ్మినా 2 దగ్గర పగలకూడదు. పైగా అదే బరువు మోస్తున్న మిగతా నాలుగు లోపలి దూలాలకు గీత కూడా లేదు.

పునాది కుంగిందా? నీటి గొట్టం మట్టంతో స్తంభాల పీఠాలు చూశాం, తేడా 5 మి.మీ. లోపే. తూకం గుండు వేస్తే 2.6 మీటర్ల ఎత్తుకు గరిష్ఠంగా 8 మి.మీ. వాలు. కట్టిన నాటినుంచే ఉండగల తేడా అది. నేల బండల కీళ్లలో కొత్త సందులు లేవు. కాబట్టి మండపాన్ని విప్పి పునాది నుంచి మళ్లీ కట్టాలన్న సూచన పక్కన పెట్టాం. హనుమకొండ వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి కట్టిన పని 2006లో మొదలై 2024లో గానీ భక్తులకు తెరుచుకోలేదు. అక్కడ పునాదే దెబ్బతింది కాబట్టి అది తప్పని పని. ఇక్కడ ఆ అవసరం కనిపించలేదు.

రాతిలోనే పుట్టు నెర్ర ఉందా? దూలాలను తడిపి ఆరనిచ్చాం. నెర్ర ఉన్న చోట రాయి ఆలస్యంగా ఆరుతుంది, నల్లటి గీత నిలిచిపోతుంది. సుత్తితో తట్టి కూడా విన్నాం. పగులుకు రెండు వైపులా ఖంగుమనే మోగింది. ఇతర గీతలు లేవు.

మిగిలింది కొక్కేలు. పండగలకు దీపాలు, తర్వాత ఫ్యాన్లు తగిలించడానికి మూడు దూలాల అడుగున నడిమిన రంధ్రం చెక్కి, ఇనుప కొక్కెం పెట్టి సిమెంటుతో బిగించారు. పగిలిన రెండూ ఆ మూడింటిలోవే. మూడో దూలం పగల్లేదు. కప్పు మీద బంకమట్టి గట్లు కట్టి తొమ్మిది అంకణాలుగా (నాలుగు స్తంభాల మధ్య గళ్లుగా) విడగొట్టి, ఒక్కోదాంట్లో 50 మి.మీ. నీళ్లు నిలిపి చూస్తే జవాబు దొరికింది. మూడో దూలం పైన కారడం లేదు, దాని కొక్కెం పొడిగా ఉంది. ‘క’, ‘చ’ దూలాలకు మాత్రం పక్క అంకణంలో నింపిన నీళ్లు కూడా గచ్చులో అడ్డంగా రెండు మీటర్లు ప్రయాణించి వచ్చి చేరుతున్నాయి.

కథ అక్కడ కలిసింది. తుప్పు అసలు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. సాగుడు అత్యధికంగా ఉండే చోట, దూలం అడుగు నడిమిన, రంధ్రంలోంచి తుప్పు రాతిని లోపల్నుంచి తెరుస్తోంది. రెట్టింపు బరువు ఆ చీలికను పైకి లాగింది. కొక్కెం, కారుడు, బరువు మూడూ కలిసిన చోటే పగిలింది. మూడింటిలో ఏ ఒక్కటి తక్కువైనా ఆ దూలం నిలిచింది.

పగులుకు అటూ ఇటూ స్టీలు పిన్నులు అతికించి, ఉదయం, మధ్యాహ్నం వెర్నియర్‌తో కొలవడం అప్పుడే మొదలుపెట్టించాం. వేడికి తెరుచుకుని మూసుకునే కదలిక 0.2 మి.మీ. లోపు. అది కాక నెలనెలా పెరిగేది ఉందా అన్నదే చూడాల్సింది. ‘చ’లో ఉంది. అందుకే ముందు ఊత, తర్వాతే మిగతావి.

చేసిన పని

*ఊత.* ఇటుక స్తంభం తీసేశాం. నేల బండలను తట్టి చూసి, డొల్లగా మోగినచోట తీసి కింద మట్టి గట్టిపరిచాం. బరువు పరుచుకోవడానికి స్టీలు చానళ్లు వేసి, వాటిమీద స్క్రూ జాకీలున్న ప్రాప్‌లు నిలబెట్టాం. రాతికి తగిలేచోట 75 మి.మీ. చెక్క దిమ్మెలు. ప్రాప్‌లను చేత్తో బిగువు వచ్చేదాకే తిప్పాం, ఎత్తలేదు. పైన 60 టన్నుల అదనం ఉండగా ఎత్తితే ఏ రాయి ఎటు ఒరుగుతుందో చెప్పలేం.

*కప్పు బరువు దింపడం.* బ్రేకర్ యంత్రం వద్దన్నాం. దాని అదురు పగిలిన దూలానికి చేటు. సిమెంటు పొరను 300 మి.మీ. గళ్లుగా డైమండ్ కట్టరుతో కోసి, ఉలి, సమ్మెటతో ఎత్తాం. కట్టరు లోతును పొర మందానికి 20 మి.మీ. తక్కువగా ఉంచాం, కింద గచ్చులోకి కోత దిగకుండా. నడి అంకణం నుంచి అన్ని వైపులకూ సమంగా తీస్తూ వచ్చాం. ఒక పక్క పూర్తిగా ఖాళీ చేస్తే దూలాల మీద బరువు ఒంటివైపు పడుతుంది. తీసిన శిథిలాన్ని కప్పు మీద కుప్ప పోయకుండా వెంటనే కిందికి జారవేయాలి. చెప్పడం సులువు, కూలీలకు అలవాటు చేయడమే కష్టం. పాత గచ్చు చెమ్మకు పిండిలా తయారైంది కాబట్టి అదీ తీయాల్సి వచ్చింది. గోముఖాలు నాలుగూ చెక్కుచెదరకుండా బయటపడ్డాయి.

*‘చ’ దూలం.* మూడు దారులు చర్చకు వచ్చాయి. కింద ఇనుప దూలం వేయడం ఒకటి. అది చూపుకు అడ్డు, పైగా మళ్లీ తుప్పు. కొత్త రాతి దూలం రెండోది. దించి ఎక్కించే శ్రమ ఎలాగూ ఒకటే, కానీ పుట్టు నెర్ర లేని పాత రాయి చేతిలో ఉండగా దాన్ని పారేయడానికి కారణం లేదు. నెర్ర ఉండి ఉంటే కొత్తదే పెట్టేవాళ్లం. మూడోది, దించి రెండు ముక్కలనూ కడ్డీలతో కలపడం. అదే ఎంచుకున్నాం.

కప్పు ఖాళీ అయ్యాక ఆ దూలం మోసేది బండల బరువు మాత్రమే, సుమారు 4 టన్నులు. దూలానికి ఇరువైపులా స్టీలు చట్రాలు నిలిపి, 10 టన్నుల జాకీలు నాలుగింటితో బండలను ఒక్కో మిల్లీమీటరు చొప్పున 3 మి.మీ. ఎత్తాం. బండలను పైకి తీసేయకపోవడానికి కారణం, ఒక్కోటీ 860 కిలోలు, తీసి పెట్టేటప్పుడు అంచులు విరుగుతాయి. దూలం ముక్కలను నేరుగా కిందికి దించలేం, బోదిగ చేతులు అడ్డం. కప్పు ఎత్తులోనే వేదిక కట్టి, రోలర్ పైపుల మీద పక్కకు జరిపి, బోదిగ దాటాక చెక్క దిమ్మెల దొంతర మీదుగా ఒక్కో వరస తీస్తూ దించాం. ఒక్కో ముక్క సుమారు 650 కిలోలు.

కింద పని ఇలా సాగింది. కొక్కెం చుట్టూ 60 మి.మీ. కోర్ కోసి ఇనుము, సిమెంటు, తుప్పు అన్నీ ఒకేసారి బయటికి తీశాం. పగిలిన ముఖాలను నైలాన్ బ్రష్షుతో పొడిగా తుడిచాం. గ్రైండర్ ముట్టనివ్వలేదు, ఆ ఎగుడుదిగుడులే రెండు ముక్కలనూ అసలు చోట కూర్చోబెట్టే గుర్తులు. అడుగునుంచి 80 మి.మీ. ఎత్తులో మూడు రంధ్రాలు, వ్యాసం 22 మి.మీ., ఒక్కో ముక్కలోకి 600 మి.మీ. లోతు, సుత్తిదెబ్బ లేని రోటరీ డైమండ్ బిట్‌తో. కడ్డీలు 16 మి.మీ., మరలున్న 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు. బరువు తగ్గాక అడుగున తట్టుకోవాల్సిన లాగుడు మొత్తం సుమారు 4 టన్నులు. అంత లాగుడును ఒక్క కడ్డీయే దాదాపుగా నిలపగలదు. మూడు పెట్టింది ఒకటి సరిగా పట్టకపోయినా భయం లేకుండా.

ఇందులో ఎక్కువగా చెడేది రంధ్రాల వరుస. ఒక ముక్కలో రంధ్రాలు వేశాక వాటిలో రంగు పూసిన మొనలున్న పొట్టి పిన్నులు పెట్టి, రెండో ముక్కను ఆనించి గుర్తు దించుకోవాలి. కొలత తీసి వేస్తే 2, 3 మి.మీ. తేడా వచ్చి తీరుతుంది, అప్పుడు పగులు ముఖం సరిగా కూర్చోదు. రంధ్రాలను గాలి ఊది, బ్రష్షు తిప్పి, మళ్లీ గాలి ఊదాలి. తడి ఉంటే ఆగాలి. ఎపాక్సీ రంధ్రం అడుగు నుంచి గొట్టంతో నింపుతూ రావాలి, లేకపోతే గాలి బుడగ లోపలే ఉండిపోతుంది. రాయలసీమ ఎండలో అది కలిపిన కాసేపటికే గట్టిపడుతుంది కాబట్టి తెల్లవారుజామున, కొద్దికొద్దిగా కలుపుకుని చేయించాం. పగులు ముఖం మీద అంచుకు 25 మి.మీ. లోపలే ఎపాక్సీ ఆపాం. బయటి ఆ అంచును తర్వాత సున్నం, అదే రాతి పొడి కలిపి నింపాం. ఎపాక్సీ ఎండకు పసుపు రంగుకు మారుతుంది, బయటికి కనిపిస్తే రాతి మీద అదే కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఏడు రోజుల తర్వాత, దూలాన్ని అసలు ఆనిక దూరంలోనే దిమ్మెల మీద పెట్టి, పనిలో మోయాల్సిన బరువుకు ఒకటింబావు వంతు గ్రానైట్ పలకలు పేర్చి ఒక పగలూ రాత్రీ ఉంచాం. డయల్ గేజ్ (సన్నటి కదలికను కొలిచే పరికరం) చూపిన కదలిక బరువు తీయగానే వెనక్కి వచ్చింది, పగులు గీత తెరుచుకోలేదు. అప్పుడే తిరిగి ఎక్కించాం. ఈ పరీక్షకు ఖర్చు పెద్దగా లేదు. అయినా చాలా చోట్ల వదిలేస్తారు.

*‘క’ దూలం* దించాల్సిన పని పడలేదు. అడుగు సాదాగా, చెక్కడం లేకుండా ఉండటం కలిసొచ్చింది. రెండు గాళ్లు, 25 మి.మీ. వెడల్పు, 35 మి.మీ. లోతు, 1.2 మీటర్ల పొడవు కోసి, 12 మి.మీ. స్టెయిన్‌లెస్ కడ్డీలు కారిపోని ముద్ద ఎపాక్సీలో కూర్చాం. పై 10 మి.మీ. సున్నం, రాతి పొడి. పాత ఎపాక్సీని గీకి తీసి, కప్పు పని ముగిసి దూలం పూర్తిగా ఆరాకే ఇది మొదలుపెట్టాం. అడుగున చెక్కిన పద్మం ఉండి ఉంటే ఈ పద్ధతి వాడేవాళ్లం కాదు.

*గచ్చు.* గ్రానైట్ నీళ్లు పీల్చేది అర శాతం కూడా ఉండదు. కాబట్టి కారేది రాతిలోంచి కాదు, కీళ్లలోంచే. బండల మధ్య కీళ్లను 75 మి.మీ. లోతు వరకు శుభ్రం చేసి నింపాలి. నమూనాగా మొదట ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక వేసి చూస్తే అది నిలవలేదు. పైన గట్టిపడింది, రెండు వారాల తర్వాత గీరితే లోపల ముద్దగానే ఉంది. ఉత్త సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది, అంత లోతున గాలి ఎక్కడిది? రెండో నమూనా ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కీ (ఇటుక పొడి), రెండు పాళ్లు ఇసుక. సుర్కీ ఉంటే తడిలోనూ గట్టిపడుతుంది. అయితే సుర్కీ తక్కువ కాలిన ఇటుకది కావాలి. బాగా కాలి నల్లబడిన ఇటుక పొడి రంగుకు సుర్కీలా ఉంటుంది గానీ సున్నంతో కలిసి పనిచేయదు. బజారులో దొరికిన మొదటి లోడును ఈ కారణంగానే తిప్పి పంపాం.

కీళ్ల మీద సగటున 110 మి.మీ. ఇటుక కంకర గచ్చు. కంకర 20 మి.మీ., సున్నం ఒకటికి సుర్కీ రెండు పాళ్ల ముద్ద కంకర పరిమాణంలో దాదాపు సగం. గోముఖాల వైపు నలభైకి ఒకటి వాలు. వంద లీటర్ల నీళ్లలో 2 కిలోల దంచిన కరక్కాయ, 3 కిలోల బెల్లం రెండు రోజులు నానబెట్టి వడకట్టి చల్లుతూ, చెక్క దిమ్మిసలతో వారం పాటు కొట్టారు. కొట్టడం చాలిందో లేదో రోజుల లెక్కతో తేలదు. దిమ్మిస ఎగిరిపడాలి, ముద్దలో దిగకూడదు. పైన సున్నంలో పరిచిన చదును పెంకు బిళ్లలు. తడి గోనెపట్టాలు రెండు వారాలు. వేసవిలో ఇక్కడ ఒక్క మధ్యాహ్నం పట్టా ఆరినా వెంట్రుక బీటలు వస్తాయి. పని ముగిశాక మళ్లీ అంకణాలవారీగా నీళ్లు నిలిపి చూసి, గట్లు తీసి గోముఖాల పరుగు చూశాం. 50 మి.మీ. వానకు ఈ కప్పు మీద పడేది 3,800 లీటర్ల దాకా ఉంటుంది. నాలుగు గోముఖాలు దాన్ని నిలవనీయకుండా వదిలేస్తున్నాయి.

*స్తంభాలు.* కమిటీ కోరిక మిగతా పద్నాలుగింటినీ ఆ రెండింటిలా తెల్లగా చేయమని. వెల్ల పొరలు గోరువెచ్చని నీళ్లు, వెదురు బద్దలతోనే ఊడాయి. ఎనామిల్‌కు జెల్ రిమూవర్ పూసి పాలిథీన్ కప్పి, మెత్తబడ్డాక చెక్క గరిటెతో గీకి, నీళ్లతో కడిగాం. చెక్కడం లోతుల్లో పెయింటు కొద్దిగా మిగిలింది. మిగలనిచ్చాం. ఆసిడ్ వాడమని మేస్త్రీలు పట్టుబట్టారు. గ్రానైట్‌లో నల్లటి అభ్రకంలో ఇనుము ఉంటుంది, ఆసిడ్‌కు అది కరిగి తర్వాత పసుపు మరకగా తేలుతుంది. పైగా క్లోరైడ్ ఉప్పులు కీళ్లలో చేరి, ఉన్న ఉప్పు బెడదకు తోడవుతాయి. ఆ ఉప్పులకు మూలం పీఠాల కీళ్లలో పూసిన సిమెంటు, నేల చెమ్మ. సిమెంటు తీసి సున్నం నింపాక, కాగితపు గుజ్జు తడిపి అద్ది ఆరనిచ్చి ఊడదీస్తే ఉప్పు దానితో వచ్చేసింది.

తర్వాత గమనించినవి

రెండు వానాకాలాలు గడిచాయి. కారడం లేదు. పిన్నుల కొలతల్లో రోజువారీ వేడి కదలికే కనిపిస్తోంది, పెరుగుదల లేదు. మూడో దూలం కొక్కేన్నీ అదే కోర్ పద్ధతిలో తీసేసి, ఆ రంధ్రాన్ని సున్నంలో కూర్చిన గ్రానైట్ బిరడాతో మూశాం. దీపాల తీగ ఇప్పుడు బండల కీళ్ల వెంట పోతుంది, ఫ్యాన్లు నేలమీద నిలబడేవి. దీనికి కమిటీని ఒప్పించడానికి మాటలకన్నా బయటికి తీసిన కొక్కెం ఎక్కువగా పనికొచ్చింది. చిటికెన వేలంత ఇనుము తుప్పుతో ఉబ్బి సిమెంటును నాలుగు ముక్కలు చేసింది.

కమిటీకి ఇచ్చిన కాగితంలో నాలుగే సూచనలు ఉన్నాయి. జూన్‌లోపు గోముఖాలు తీసి చూడాలి. రావి మొక్క రెండాకుల వయసులోనే పీకాలి, కాండం వేలంత అయితే పీకకుండా కబురు చేయాలి. కప్పు మీద ఎవరు ఏ పొర వేస్తామన్నా ముందు దాని మందం, బరువు రాసిచ్చి సంతకం చేయాలి. దూలానికి అడుగున ఏ రంధ్రమూ పెట్టకూడదు.

ఈ పద్ధతిని వేరే రాతికి తీసుకుపోయేటప్పుడు ఒక హెచ్చరిక. ఇక్కడ పనిచేసిన లెక్కంతా గ్రానైట్ నీళ్లు పీల్చదన్న దానిమీద నిలబడింది. రామప్ప గుడి వంటి కాకతీయుల కట్టడాల్లో గోడలకు వాడిన ఇసుకరాయి నీళ్లు పీలుస్తుంది, ఉప్పు దాని లోపలికే దిగుతుంది. దానికి ఎపాక్సీ పూస్తే వెనకున్న తడి బయటికి రాలేక పొర పొరగా రాలుతుంది. అక్కడ కడ్డీలను కూడా సున్నపు గ్రౌటుతోనే (రంధ్రంలోకి పోసే పలచటి ముద్ద) కూర్చే వీలు మొదట చూడాలి. కడప నాపరాయి పొరలుగా విడిపోయే సున్నపురాయి. దాన్ని దూలంగా, కప్పు బండగా వాడిన చోట పొర ఏ వైపు ఉందో చూడకుండా రంధ్రం వేస్తే పని మొదలైన చోటే రాయి చీలుతుంది. ఆసిడ్ అయితే దానిమీద చుక్క కూడా పడకూడదు, తాకిన చోటల్లా రాయి కరుగుతుంది.